నేల గడి

గాలినీ సముద్రాన్నీ కలిపి నడిపే వాతావరణ మోడల్ ఏడో టెస్ట్ రన్‌లోనూ ఆగిపోయింది. గోదావరి నీళ్ళ లెక్క కుదరడం లేదు. రన్‌లు చూసే హైమకి తప్పు నేలనీ సముద్రాన్నీ గుర్తించే గళ్ళ పటంలో దొరికింది. నరసాపురం అవతల సముద్రంగా ఉండాల్సిన ఒక్క గడి నేలగా ఉంది. పటం పని చేసే విశ్వనాథ్‌ని పిలిచింది.

"ఇది మార్చమని మొన్నే చెప్పాను కదండీ."

"మార్చానండి. ప్రతిసారీ మళ్ళీ నేనే నేల చేసేస్తున్నాను."

"అక్కడ నేలెక్కడుందండి? సముద్రపు కోతకి పోయి ఆరేళ్ళయింది."

"తెలుసండి. మా పాపని పూడ్చింది అక్కడే. పదకొండు నెలల పిల్ల."

హైమ కీబోర్డు తన వైపు లాక్కుంది.

"మీరుండండి. నేను మారుస్తాను."

"వద్దండి, నేనే మారుస్తాను," విశ్వనాథ్ కీబోర్డు మీద చెయ్యి వేశాడు. "ఆ రోజు మట్టి కూడా నేనే వేశాను."