సముద్రం క్యాంపు

సూర్యలంకలో కారు దిగీదిగగానే అందరూ నీళ్ళలోకి పరుగెత్తారు. ఆమె మాత్రం తడి ఇసుక దగ్గరే ఆగిపోయింది.

"ఏందమ్మా రేవతమ్మా, భయమా?" వెనకనుంచి నరసింహారావు పలకరించాడు.

ఆమె ఉలిక్కిపడి తలూపింది.

మండల ప్రెసిడెంటు ఎన్నిక రేపు. అవతలి పార్టీ వాళ్ళు లాక్కుపోకుండా తనవైపు ఎంపీటీసీలందర్నీ కార్లలో ఎక్కించి పల్నాడు దాటించింది నరసింహారావే. ఫోన్లు మాత్రం మొదటిరోజే తీసేసుకున్నాడు. మొన్న అమరావతిలో గుడి, స్తూపం చూపించాడు. నిన్న మడ అడవుల్లో పడవ ఎక్కించాడు. ఇవాళ సముద్రం. ఎక్కడికి పోయినా నలుగురు కుర్రాళ్ళు వెనకే ఉంటారు. బాత్‌రూముకు వెళ్ళినా తలుపు బయట ఒకడు కాపలా.

అవతలివాళ్ళు క్యాంపు సాగర్లో పెట్టారని, మెంబర్లను లాంచీల్లో తిప్పుతున్నారని నరసింహారావుకు కబురు అందింది. లాంచీ కూడా ఒక సోకేనా, మనవాళ్ళకి సముద్రమే చూపిస్తున్నానని ఆయన గొప్ప చెప్పుకుంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

రెండు వైపులా బలం ఇంచుమించు సమానం. ఒక్క చెయ్యి అటు లేస్తే అంతా తారుమారు.

ఆ చెయ్యి ఎవరిదో ఈ కార్లలో ఆమెకొక్కదానికే తెలుసు. రేవతమ్మ భర్త వంశీ అవతలివాళ్ళకు ఎప్పుడో మాటిచ్చేశాడు. బయల్దేరిన పొద్దున కారు తలుపు వేస్తూ, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు, ఎక్కువ మాట్లాడొద్దని, అడిగినదానికి తలూపితే చాలని, తర్వాత ఏం జరిగినా తను చూసుకుంటానని. ఎలా చూసుకుంటాడో చెప్పలేదు. అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. కూతుర్ని అమ్మ దగ్గర వదిలి వచ్చింది. రేపు ఈ మనుషుల మధ్యనుంచి ప్రాణాలతో బయటపడి పిల్లను చేరుకుంటే చాలు.

పక్క ఊరి మెంబరు అబిదా చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. రాత్రి రూములో ఇద్దరిదీ ఒకే మంచం. ఆమె మాత్రం కిందే పడుకుంది.

"అంత మెత్తటి పరుపు వదిలేసి నేలమీద పడుకుంటావేంది, రేవతీ? మీ ఆయన్ని ఎరగనోళ్ళు మండలంలో లేరు. నిన్ను చూడటం మాత్రం ఇదే మొదలు."

నిజమే. ఎంపీటీసీగా ఏకగ్రీవం కావడంతో ప్రచారం లేకుండా పోయింది. ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీ మీద కూడా వంశీ బొమ్మే.

అబిదా పిన్నిది వంశీ వాళ్ళ ఊరేనట. ఫోనుంటే ఇప్పుడే పిన్నికి వీడియోకాల్ చేసి నిన్ను చూపించేదాన్నని అబిదా అంటుంటే, ఫోన్లు లాక్కున్నందుకు ఆమె మొదటిసారి నరసింహారావుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

మధ్యాహ్నం సరుగుడు చెట్ల నీడలో భోజనాలు. వేపిన చేపలు తెప్పించారు. నరసింహారావు ముల్లు తీసుకుంటూ తాపీగా మొదలుపెట్టాడు.

"పోయిన తడవ ఒకాయన మన క్యాంపులోనే తిని, పొద్దున్నే పోయి అవతలోడికి చెయ్యెత్తాడు. ఆ వారమే కళ్ళంలో ఆరబోసుకున్న మిరపకాయలు తగలబడినయ్. పక్కనే పడుకున్న కాపలాదారు కాళ్ళు కూడా కాలినయ్. ఎవరు అంటించారో పాపం, ఇప్పటికీ తెలవదు."

ఆమె చేతిలో ముద్ద తిరిగి విస్తట్లో పెట్టేసింది.

భోజనాలయ్యాక అందర్నీ సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టి, రేపటికి అలవాటు కావాలని చేతులెత్తించి ఫొటో తీశాడు. ఫొటో తన దగ్గరే ఉంటుందని, బయటికి పోతే చోటు తెలిసిపోతుందని అన్నాడు. అయినా ఆమె గాలి వంక పెట్టి పైట ముఖంమీదికి లాక్కుంది.

సాయంత్రం పొద్దు వాలుతుంటే ఉండబట్టలేక అబిదాను అడిగింది.

"అక్కా, రేపు ఒక చెయ్యి లేవకపోతే, ఆ మనిషిని ఏం చేస్తారు?"

అబిదా ముఖం మారిపోయింది. "ఊరుకో తల్లీ. అట్టాంటియి నోటితో అనబాకు."

కానీ కాపలా కుర్రాడి చెవిన పడనే పడింది. వాడు నేరుగా నరసింహారావు దగ్గరికి నడిచాడు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. నవ్వు లేదు. ఆయన ఆమెనే చూస్తూ ఫోను తీసి, వంశీకి కలిపి, స్పీకరు పెట్టాడు.

"ఒరేయ్ వంశీ, ఏందిరా మీ ఆవిడ వాలకం? చెయ్యెత్తకపోతే ఏమవుద్ది అని అడుగుతుందంట."

అవతల క్షణం సేపు డబడబమని ఇంజను చప్పుడు. ఆడమనిషి ఎవరో పగలబడి నవ్వింది.

"పిచ్చిది బాబాయ్, కొత్త గదా. ఏమే, భయపడబాకు. బాబాయ్ చెప్పినప్పుడు చెయ్యెత్తు, అంతే."

ఆమె తలూపింది. ఫోనుకు తలూపితే కనపడదని కూడా తోచలేదు.

"ఆ చప్పుడేందిరా? ఎవరా నవ్వేది?"

"ఆయిలింజను బాబాయ్. మిరప చేనుకి తడి పెడతన్నా. కూలోళ్ళు నవ్వుకుంటన్నారు."

నరసింహారావు ముఖం తేటపడింది. ఫోను జేబులో వేసుకుని, ఆమెకు ఐస్‌క్రీం తెచ్చిపెట్టమని కుర్రాణ్ణి పంపాడు.

ఆ చప్పుడు సాగర్ లాంచీదని, ఆ నవ్వింది రేవతమ్మేనని, పదేళ్ళుగా వాళ్ళింట్లో అంట్లు తోముతూ, ఇప్పుడు రేవతమ్మ పేరుతో నిలబడ్డ శేషమ్మకు తప్ప ఆ ఒడ్డున ఇంకెవరికీ తెలియదు.