మూడో బ్యాటరీ

2005 ఏప్రిల్ 18, సోమవారం. ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పరశురాం వాకిట్లో పళ్లు తోముకుంటూ పడిపోయాడు. మూతి ఎడమకు వంకర తిరిగింది. కుడి చెయ్యి, కుడి కాలు కదల్లేదు. మాట పోయింది.

భార్య సునంద కేకకు పక్కింట్లోంచి తమ్ముడు దేవేందర్ ఉరికొచ్చాడు. ఇబ్రహీంపట్నానికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, కంది చేలు పోయి ప్లాట్లయిన ఆ వెంచర్‌లో అప్పటికి లేచినవి ఈ రెండిళ్లే. దేవేందర్ కాల్‌సెంటర్‌కు క్యాబ్ నడుపుతాడు. రాత్రి డ్యూటీకి బండిని జోడీ డ్రైవర్ తీసుకుపోయాడు. ఎనిమిదిన్నరకు గాని తిరిగి రాదు. ఆటో సైదులుకు ఫోన్ చేస్తే, సవారీతో పెద్ద అంబర్‌పేట్‌లో ఉన్నానన్నాడు.

వాకిట్లో పరశురాం అంబాసిడర్ ఉంది.

బస్ డిపోలో మెకానిక్ అయిన పరశురాం ఆ కారును వేలంలో కొని, మూడేళ్లుగా ఒక్కో బోల్టూ విప్పి బాగుచేసుకుంటున్నాడు. మొదటి బ్యాటరీని బానెట్ కింది నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. రెండోదాన్ని డిక్కీలోకి మార్చి, స్టెప్నీ వెనక రేకు డబ్బా కట్టి దాచాడు. మా అన్న తెలివి ఇదీ అని దేవేందర్ కల్లు కంపౌండ్‌లో నలుగురికీ చెప్పాడు. వారం తిరగకముందే అదీ పోయింది.

మూడోది ఎక్కడ పెట్టాడో పరశురాం ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం కారులో కూర్చుని, అద్దాలకు పరదాలు లాగి, ఐదు నిమిషాల తర్వాత దిగేవాడు. బ్యాటరీ వైరు ఊడదీసి వస్తున్నాడని మాత్రం ఇంట్లో తెలుసు. పొద్దున మళ్లీ పరదాలు, మళ్లీ ఐదు నిమిషాలు. ఎక్కడ పెట్టినవని దేవేందర్ అడిగితే, "నీకు చెప్పుడు, మైకుల చెప్పుడు ఒక్కటే" అని నవ్వేవాడు.

వదినా మరిదీ కలిసి పరశురాంను వెనక సీటులోకి ఎక్కించారు. ఎడమ తలుపుకు ఆనించి, మెడ కింద దిండు పెట్టారు. దేవేందర్ తాళం తిప్పాడు. డాష్‌బోర్డులో దీపం కూడా వెలగలేదు.

"వదినె, బ్యాటరీ యాడ పెట్టిండో నీకన్న చెప్పిండా?"

"నాకు చెప్తె నువ్వు నా నోట్లకెళ్లి గుంజుతవని చెప్పలె."

తోసి స్టార్ట్ చేద్దామంటే అది పెట్రోలు ఇంజన్. కరెంటు అందనిదే నిప్పు పుట్టదు. దేవేందర్ బానెట్ లేపాడు. స్టార్టర్ నుంచి బయల్దేరిన లావు ఎర్ర వైరు ఒక ఇనుప గొట్టంలో దూరి కారు కిందికి పోయింది. అతను వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. గొట్టానికీ కారు అడుగుకూ ఒకే తారు పూసి ఉంది. గేర్‌బాక్సు దాటాక ఏది గొట్టమో ఏది కాదో తేలలేదు.

పైన టపటపమని చప్పుడైంది. ఆగి, మళ్లీ అయింది.

దేవేందర్ బయటికి జరిగి, ఏమైందని అడిగాడు. కుడి తలుపు తెరిచి పట్టుకుని సునంద నిలబడి ఉంది. పరశురాం ఆమెనే చూస్తున్నాడు. అతని ఎడమ చెయ్యి ఒంటి మీదుగా చాచి, కుడి పక్కన ఖాళీగా ఉన్న సీటు మీద తడుతోంది.

"పక్కకు కూసోమంటుండు" అంది సునంద.

"కూసో వదినె. నువ్వుంటె అన్నకు ధైర్యం."

ఆమె ఎక్కి కూర్చుంది. చెయ్యి ఈసారి ఆమె తొడ మీద తట్టింది, తర్వాత నెట్టింది. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"గుంజుకుంటుండు దేవేందరూ."

"వణుకుడు గది. గట్టిగ పట్టుకో."

ఆమె గట్టిగా పట్టుకుంది. దేవేందర్ ముందు సీట్ల కింద చూశాడు. డిక్కీ తెరిచి స్టెప్నీ, జాకీ, పాత టైర్లు బయట పారేశాడు. అడుగున సుత్తితో కొట్టాడు. రేకు మోగింది. టార్చి తెచ్చి మళ్లీ బానెట్ దగ్గర మొదలుపెట్టాడు. గొట్టం వెంట రెండోసారి పాకాడు, మూడోసారి పాకాడు. పైన చప్పుడు లేదు.

ఏడు గంటల యాభై ఐదు నిమిషాలకు రోడ్డు మీద పాల వ్యాన్ కనిపిస్తే, దేవేందర్ అడ్డం పోయి నిలబడ్డాడు. క్యాన్లు దించి, ఆ చోట పరశురాంను పడుకోబెట్టారు. దవాఖాన చేరేసరికి ఎనిమిది ఇరవై అయింది. డాక్టర్ నాడి చూశాడు. ఎన్నింటికి పడ్డాడని అడిగి రాసుకున్నాడు. దారిలోనే పోయాడని చెప్పాడు.

పదకొండు రోజులూ పరామర్శకు జనం వస్తూనే ఉన్నారు. అందరికీ సునంద ఒకటే చెప్పింది.

"ఇరువై రెండేండ్ల కాపురం. పక్కకు కూసోమని ఒక్కనాడు అనలె. పొయ్యేటప్పుడు సీటు తట్టి మరీ పిలిచిండు. నేను పోయి కూసున్న. ఆఖరిదాంక చెయ్యి ఇడువలె."

ఆ మాట చెప్పాక ఆమె ఏడుపు ఆగేది. రాత్రి కాస్త అన్నం తినేది.

పన్నెండో రోజు ఉదయం పదకొండు గంటలకు దేవేందర్ ఇబ్రహీంపట్నం నుంచి ఇస్తారి అనే మెకానిక్‌ను పిలిపించాడు. బ్యాటరీ ఎక్కడుందో వెతికి, కారును అక్కడి నుంచి తీసేయాలన్నాడు. సునంద ఇద్దరికీ చాయ్ పట్టుకుని గడప దాటింది. ఇస్తారి వెనక తలుపు తెరిచి, సీటు మీద చెయ్యి ఆడించి, మధ్యలో ఆగాడు.

"మీ అన్న గీ సీటును రెండు ముక్కలు చేసిండేందే?" అంటూ కుడి ముక్కను ఒక్క చేత్తో పైకెత్తాడు.

సునంద కూర్చున్న చోటు కిందే బ్యాటరీ ఉంది.