దిండు కింద మోడెం

ముందు నాన్న పోయాడు, తర్వాత అక్క పోయింది. ఇంట్లో తమ్ముడొక్కడే మిగిలాడు. ఆ రాత్రి నిద్ర పట్టక అటక మీది పాత కంప్యూటర్ దించి, ఫోను వైరు మోడెంకి తగిలించాడు. అటువైపు ఎవరెత్తుతారులే అనుకుంటూనే కనెక్ట్ నొక్కాడు.

మోడెం చెవుల తుప్పు వదిలేలా కీచుమంది. అతనికి నవ్వాగలేదు. చిన్నప్పుడు ఈ గోలకి నాన్న లేస్తాడని అక్క దాని మీద దిండు అదిమిపట్టేది. "నవ్వావంటే చంపేస్తా! లైటార్పరా!" అని గుసగుసగా కసిరేది.

ఉన్నట్టుండి ఆ గోల అణిగింది, దిండు కింద నుంచి వస్తున్నట్టు. వంగి చూశాడు. మోడెం మీద ఏమీ లేదు.

"అక్కా..." అన్నాడు మెల్లగా.

పక్క గదిలో నాన్న దగ్గాడు. మంచం కిర్రుమంది.

తమ్ముడు ఊపిరి బిగబట్టి, పాత అలవాటు కొద్దీ లైటార్పేశాడు.