ముంగిస దాచిన వేరు

ఒక అడవిలో ముంగిస పాముకాటుకు ఒక వేరుతో మందిచ్చేది. వడ్రంగిపిట్ట ముళ్లు తీసేది. ఎలుగుబంటి పుళ్లకు తేనె పట్టీ వేసేది. నక్క తన గుహలో కొలువుకు రమ్మని ముగ్గురినీ పిలిచింది. ఎవరూ వెళ్లలేదు. పిట్టా ఎలుగూ తమ వైద్యం ఒకరికొకరు నేర్పుకున్నాయి. ఒకరు పడకేస్తే రెండోవారు రోగులను చూడాలని కట్టుబాటు.

"నీ వేరు కూడా చూపించు బావా," అంది పిట్ట.

"చూపిస్తే నా గడప ఎవరు తొక్కుతారే?" అంది ముంగిస.

వానల్లో ముంగిసకు జ్వరం తగిలి స్పృహ పోయింది. అప్పుడే కుందేలు పాము కరిచిన తన పిల్లను మోసుకొచ్చింది. పిట్టా ఎలుగూ పరుగెత్తుకొచ్చి, ఏ వేరో చెప్పమని ముంగిసను కుదిపాయి. దానికి స్పృహ రాలేదు. పిల్ల చచ్చిపోయింది.

ముంగిస కోలుకున్నా ఒక్క రోగీ రాలేదు. రోగులు తెచ్చే తిండి లేక, ఆకలికి తాళలేక నక్క గుహకు కొలువుకు వెళ్లింది.

"ఎవరిని బతికించాలో ఇకమీదట నేను చెబుతాను," అంది నక్క.

ముంగిస తలూపింది.