ఫోన్‌లో పెద్దావిడ

“ఈరోజు నా మనసేం బాగోలేదే. పనికి వెళ్లకు,” అంది తల్లి.

కూతురు టేపు సంచిలో పడేసుకుంటూ నవ్వింది. “నీ మనసు బాగున్న రోజు చూసి వెళ్తే నాకు ఉద్యోగం ఉండదమ్మా.”

ఆమెది కర్టెన్ల షాపులో పని. ఇళ్లకు వెళ్లి కిటికీల కొలతలు తీసుకురావాలి.

ఎవరెవరివో ఇళ్లు, ఎలాంటి మనుషులో. తల్లికి రోజూ అదే దిగులు.

ఆ రోజు కూతురు తిరిగి రాలేదు.

షాపువాళ్లు చెప్పిన చిరునామాలో ఇల్లే లేదు, ఖాళీ స్థలం ఉంది. వెతుకుతున్నామన్నారు పోలీసులు. రోజులు గడిచాయి. తల్లికి తిండి సహించలేదు, కన్ను మూతపడలేదు.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ. గొంతు వణుకుతోంది.

“పిల్ల బాగానే ఉంది తల్లీ. ఇప్పుడే నాలుగు ముద్దలు తినిపించాను. వాడు నిద్రలో ఉన్నాడు. నేనున్నంతసేపు దానిమీద చెయ్యి పడనివ్వను.”

మీరెవరమ్మా, ఎక్కడున్నారమ్మా అని తల్లి బావురుమంది.

పెద్దావిడ వీధి చెప్పింది, గేటు గుర్తులు చెప్పింది. పెరటి తలుపు గడియ తీసి ఉంచుతాను, ఒక్కదానివే వచ్చి పిల్లను తీసుకుపో అంది.

“గోల మాత్రం చెయ్యకు. వాడు లేచాడంటే ఇక నా మాట సాగదు.”

తల్లి చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. ఇది ఉచ్చేమో? ఆ ముసలిది వాడి తల్లేనేమో? తననూ పట్టి ఉంచితే కూతురి కోసం తిరిగే దిక్కు కూడా ఉండదు.

పోలీసు స్టేషన్‌కు పరిగెత్తింది. పెరటి తలుపును అసలు నమ్మకూడదన్నాడు ఇన్‌స్పెక్టర్. తల్లి కూడా అవునంది.

తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి పోలీసులు వీధి తలుపు బద్దలుకొట్టారు. లోపల్నుంచి ఒకడు కత్తి ఎత్తి మీదికొచ్చాడు. ఆగమన్నా ఆగలేదు. తుపాకీ పేలింది.

కూతురు ప్రాణాలతో ఉంది. ఆమెను పొదివి పట్టుకుని బయటికి తెస్తూ తల్లి, నేలమీద చచ్చి పడున్నవాడి మీద కాండ్రించి ఉమ్మింది.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దావిడ. తల్లి వెనక్కి పరిగెత్తి గదిగదీ వెతికింది. ఎవరూ లేరు. పెరటి తలుపు గడియ మాత్రం తీసే ఉంది.

“ఆవిడేదే? వాడు ఆవిణ్ణేం చేశాడు?”

కూతురు అంబులెన్సు ఎక్కి కళ్లు మూసుకుంది.

ఆసుపత్రిలో అడిగింది. ఇంటికొచ్చాకా అడిగింది. అంతటి మనిషిని అనుమానించాను, వెతికి తెచ్చి మనింట్లోనే పెట్టుకుంటాను, ఆవిడెవరో చెప్పవే అని బతిమాలింది. కూతురు గోడవైపు తిరిగి పడుకునేది.

వారాలు గడిచాయి. ఒక ఉదయం తల్లి చిక్కులు తీస్తూ తల దువ్వుతోంది. కూతురు ఆ దువ్వెన పట్టుకుని ఆపింది.

“ఆ ఇంట్లో వాడొక్కడే ఉండేవాడమ్మా,” అంది. “ఉన్నట్టుండి వాడి గొంతు మారేది, చూపు మారేది... నన్ను కట్టేసిన చేతులతోనే ఆవిడ నాకు జడ వేసేది.”