పెన్సిలు గీసిన చెయ్యి

"ఎవరికోసం తాతగారూ?"

తలుపు దగ్గరి ముసలాయన లోపలికి తొంగిచూశాడు. వైద్య విద్యార్థులు శవాన్ని కోసి నేర్చుకునే హాలది. ఆ పూట బల్లలు ఖాళీ. పిల్లల ఒళ్లో డ్రాయింగు కాగితాలున్నాయి.

"బొమ్మలు గీస్తారట గదమ్మా. చూద్దామని."

ఆస్పత్రికొచ్చి దారి తప్పాడనుకుంది లెక్చరరమ్మ. పంపేసేదే. కానీ బొమ్మకు కూర్చోవలసిన మనిషి ఆ రోజు ఎగ్గొట్టాడు.

పైగా డిపార్టుమెంటు హెడ్డుగారు పొద్దున్నే తేల్చేశారు.

"కత్తి పట్టేవాళ్లకి పెన్సిలెందుకమ్మా? ఈ ఏడాది చూస్తాను. పనికొచ్చిందని చూపించకపోతే క్లాసు ఎత్తేస్తాను."

"చూపిస్తాను సార్," అంది తడుముకోకుండా. కోసేముందు చూడడం రావాలని ఆమె నమ్మకం.

"కాసేపు కూర్చుంటారా? మీ చెయ్యి గీస్తారు."

ఆయన ముఖం విప్పారింది. చొక్కా చెయ్యి పైకి మడిచి అరచెయ్యి బల్లమీద పరిచాడు. చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

"అదేంటి తాతా?" అంది ముందు వరసలోని అమ్మాయి.

"చిన్నప్పుడు మా చెల్లెలు తలుపేసింది. ఇప్పటికీ నాదే తప్పంటుంది."

హాలంతా గొల్లుమంది.

"నవ్వితే గీత వంకరపోతుంది. పోనీలే, వేలెలాగూ వంకరే," అన్నాడు ముసలాయన.

గీశాక ఏం చూశారో, ఏమనిపించిందో అందరూ పైకి చెప్పాలి. అది లెక్చరరమ్మ పెట్టిన పద్ధతి.

"పట్టుకుంటే వెచ్చగా ఉంటుందనిపించింది మేడమ్," అంది ఆ అమ్మాయి.

గంట కొట్టారు.

"అమ్మా, నేనసలు ఎందుకొచ్చానంటే..."

"ఇంకో క్లాసుంది తాతగారూ, మళ్లీ మాట్లాడుకుందాం. ఓపీ అటువైపు."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. దిగబోయే అద్దె ఇంటిని చూసుకున్నట్టు హాలంతా ఓసారి కలయజూసి వెళ్లిపోయాడు.

నెలలు గడిచాయి. పిల్లలు కత్తి పట్టే రోజొచ్చింది. హెడ్డుగారూ వచ్చి నిలబడ్డారు. బల్లమీది శవానికి నిండా బట్ట కప్పి, చెయ్యి మాత్రం బయట ఉంచారు.

కత్తి ఆనించబోయిన ముందు వరస అమ్మాయి ఆగిపోయింది.

"భయమా?" అన్నారు హెడ్డుగారు.

"కాదు సార్." ఆమె కత్తి పక్కన పెట్టి, ఆ చల్లటి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. "ఈ చెయ్యి నేను గీశాను."

వంకర చిటికెనవేలు చూసి లెక్చరరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

హెడ్డుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కత్తులు కింద పెట్టండి. ముందు పెన్సిళ్లు తెచ్చుకోండి."

తర్వాత లెక్చరరమ్మవైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నారు.

"ఈయన, చనిపోయాక తన శరీరం మనకే ఇవ్వమని సంతకం పెట్టిన రోజు, 'నన్ను కోయబోయే పిల్లల్ని ఒకసారి చూడొచ్చా' అని అడిగితే, బొమ్మల క్లాసే కదా, వెళ్లి చూడమన్నానమ్మా."