అత్తగారి డాష్‌బోర్డు

"మళ్లీ పసుపురంగు పెట్టారేమిటండీ?" అని వాసంతి భర్తను నిలదీసింది.

"నీ డాష్‌బోర్డు జోలికి నేనెందుకొస్తానే?" అన్నాడు మాధవరావు.

పోయినవాళ్ల బ్లాగులు వాటంతటవే నడిచే కాలమది. అత్తగారు పోయి ఏడాదైనా ఆవిడ బ్లాగులో రోజూ ఒక కొత్త వంట వస్తూనే ఉంది. అది ఆపించి, బ్లాగును తన పేరున నడుపుకోవాలని వాసంతి ఆశ. అందుకే వంటింటి గోడమీది తెరపై బ్లాగును నడిపే డాష్‌బోర్డుకు నీలిరంగు పెట్టి, ఎడమచేతివాటమున్న అత్తగారు ఎడమవైపు పెట్టుకున్న బటన్లను కుడికి జరిపి, అక్షరాలు చిన్నవి చేసింది. తెల్లారేసరికి అన్నీ మొదటికొచ్చాయి.

పట్టుదలగా మళ్లీ మార్చింది. మధ్యాహ్నానికి రంగు నీలంగానే ఉంది. బటన్లు కుడివైపే ఉన్నాయి. అక్షరాలు మాత్రం పెద్దవయ్యాయి.

భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ, "అత్తయ్యగారి రాత ఆపించనండీ," అంది. "మిగతావాటికి సర్దుకున్నారు. అక్షరాలు పెద్దవిగానే ఉంచుదాం. ఆవిడ చదువుకోవాలిగా."